షుగర్ రీడింగ్‌లు ఎందులో రాసుకోవాలి? యాప్‌లు, స్ప్రెడ్‌షీట్ల సమీక్ష

మీటరు మీద 186 కనిపించింది. అది పరగడుపున వచ్చి ఉంటే ఒక మాట, భోజనమైన గంటకు వచ్చి ఉంటే ఇంకో మాట, లో షుగర్‌కి గ్లూకోజ్ బిళ్ళలు తిన్న అరగంటకు వచ్చి ఉంటే మరో మాట. సమయం, సందర్భం పక్కన లేని అంకెను చూసి డాక్టరు కూడా మందు మార్చలేరు. కాబట్టి షుగర్ రాసుకునే ఏ సాధనాన్నైనా ముందు రెండు ప్రశ్నలు అడగాలి. అంకెతో పాటు సందర్భాన్ని ఎంత తేలిగ్గా రాయనిస్తుంది? రాసినదంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు మొత్తంగా బయటికి తీసుకోనిస్తుందా? రంగులు, గ్రాఫులు, మెచ్చుకోలు బ్యాడ్జీలు ఆ తర్వాతి సంగతి.

తీర్పు ముందే చెప్పేస్తే: రోజూ రాయడానికి ఫోన్‌లో యాప్ బాగుంటుంది. రాసినదాన్ని నిలదీసి అడగడానికి స్ప్రెడ్‌షీట్‌ని మించింది లేదు. ఇన్సులిన్ డోసు లెక్కకు మాత్రం సొంతంగా చేసుకున్న షీటు అస్సలు వద్దు. ఎందుకో కింద వివరంగా ఉంది.

ఇక్కడ రీడింగ్‌లన్నీ మి.గ్రా./డె.లీ.లో ఉన్నాయి. మీ మీటరు మిల్లీమోల్‌లో చూపిస్తే 18తో గుణించండి. పెద్దవాళ్ళలో, గర్భిణులు కానివారికి సాధారణంగా చెప్పే లక్ష్యాలు భోజనానికి ముందు 80 నుంచి 130, తినడం మొదలుపెట్టిన గంట రెండు గంటల తర్వాత 180 లోపు. 70 కంటే దిగితే లో షుగర్, 54 కంటే దిగితే ప్రమాదకరమైన లో. మీ డాక్టరు వేరే లక్ష్యం ఇచ్చి ఉంటే యాప్‌లోనూ షీటులోనూ అదే పెట్టుకోవాలి. యాప్ ముందుగా పెట్టి ఇచ్చిన హద్దుల్ని అలాగే వదిలేయడం చాలామంది చేసే పొరపాటు.

యాప్ చూపించే హెచ్‌బిఎ1సి అంచనా

గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే రక్తపరీక్ష హెచ్‌బిఎ1సి. చాలా యాప్‌లు మొదటి తెర మీద పెద్ద అక్షరాల్లో దాని అంచనా చూపిస్తాయి: "మీ హెచ్‌బిఎ1సి 5.6". చాలావాటి వెనక ఉన్న లెక్క ఒకటే. సగటు రీడింగ్‌కి 46.7 కలిపి, 28.7తో భాగిస్తే వచ్చేది అదే. సూత్రంలో తప్పులేదు. 2008లో వచ్చిన అధ్యయనం నుంచి తీసుకున్నదే, దాని ప్రకారం సగటు 154 అయితే హెచ్‌బిఎ1సి 7 శాతం. తేడా అంతా దానికి మనం ఇచ్చే సగటులో ఉంది.

ఒక వారం రీడింగ్‌లు ఉదాహరణకు తీసుకుందాం. పరగడుపున 112, 118, 109, 121, 115, 108, 117. సగటు 114. యాప్ వెంటనే 5.6 అంటుంది, చూసినవాళ్ళకు ప్రాణం హాయిగా ఉంటుంది. అదే మనిషికి అదే వారంలో రాత్రి భోజనమైన రెండు గంటలకు 212, 198, 226, 187, 205, 219, 194 వచ్చాయనుకోండి. ఈ పద్నాలుగూ కలిపితే సగటు 160, అంచనా 7.2. మనిషి మారలేదు, ఒంట్లో షుగర్ మారలేదు. ఎప్పుడు వేలు గుచ్చారన్నదే మారింది. పొద్దున్న ఒక్కసారే చూసుకునేవాళ్ళు ఈ అంచనాను నమ్మి మూడు నెలల పరీక్ష వాయిదా వేస్తే నష్టమే. ఆ 7.2 కూడా రెండే రెండు వేళల నుంచి వచ్చిందని మర్చిపోకూడదు. ల్యాబ్‌లో చేసే హెచ్‌బిఎ1సికి ఇది బదులు కాదు. ల్యాబ్ ఫలితం కూడా రక్తహీనత ఉన్నప్పుడు దారి తప్పవచ్చు. ఐరన్ తక్కువైతే ఉన్నదానికంటే ఎక్కువ, ఎర్రరక్తకణాలు త్వరగా నశించే జబ్బుల్లో తక్కువ చూపిస్తుంది. ల్యాబ్‌కీ సొంత రికార్డుకీ పొంతన కుదరకపోతే రెండూ డాక్టరు ముందు పెట్టాలి.

అంచనాను తెర మీద నుంచి తీసేసే వీలు యాప్‌లో ఉంటే తీసేయండి. దాని స్థానంలో "తిన్న తర్వాత సగటు", "పరగడుపు సగటు" అని విడివిడిగా చూపించే యాప్‌కి ఎక్కువ మార్కులు వేయాలి.

వేలు గుచ్చి చూసుకునేవాళ్ళ యాప్‌లు

మైషుగర్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. వియన్నాలో పుట్టిన ఈ యాప్‌ని 2017లో రోష్ సంస్థ కొనేసింది. అందువల్ల ఆక్యుచెక్ బ్లూటూత్ మీటర్లతో బాగా కలుస్తుంది. వేలు గుచ్చగానే అంకె తనంతట తానే యాప్‌లోకి వస్తుంది. కార్బోహైడ్రేట్, ఇన్సులిన్, మందు, వ్యాయామం, పళ్ళెం ఫోటో అన్నీ ఒకే తెర మీద రాయవచ్చు. మధుమేహాన్ని ఒక చిన్న భూతంగా చూపించి, దాన్ని మచ్చిక చేసుకోమనే ధోరణి దీనిది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు, పిల్లలకు రాసే అలవాటు పడటానికి ఇది నిజంగా పనికొస్తుంది. లోపం ఏమిటంటే సందర్భం చెప్పే ట్యాగులు చాలా ఎక్కువ, తప్పనిసరి మాత్రం కాదు. మీటరు నుంచి అంకె వచ్చి పడ్డాక ట్యాగు పెట్టడం మానేస్తాం. రెండు నెలల తర్వాత తీసిన నివేదికలో నూట ఇరవై రీడింగ్‌లుంటే తొంభైకి సందర్భం ఉండదు. దీన్ని వాడేవాళ్ళు మూడే ట్యాగులు ఎంచుకుని మిగతావి ముట్టుకోకపోవడం మంచిది: పరగడుపు, తినే ముందు, తిన్నాక.

డయాబెటిస్:ఎమ్ తీరు దీనికి పూర్తిగా వేరు. తెర నిండా గడులే. మొదటిసారి తెరిస్తే కళ్ళు తిరుగుతాయి. అయితే ప్రతి నమోదుకీ పూట, తినే ముందా తర్వాతా అన్న విభాగం ఉంటుంది కాబట్టి డేటా శుభ్రంగా తయారవుతుంది. విభాగాల వారీగా సగటులు చూపిస్తుంది, ఎక్సెల్ ఫైలుగా బయటికి ఇస్తుంది. రోజుకు నాలుగైదుసార్లు చూసుకుంటూ ఇన్సులిన్ తీసుకునే ఓపికమంతులకు ఇదే సరైనది. మాత్రలతో నడుస్తూ వారానికి మూడు నాలుగుసార్లు చూసుకునేవాళ్ళకు ఇంత బరువు అక్కర్లేదు.

మీటరు కంపెనీల సొంత యాప్‌లు, అంటే వన్‌టచ్ రివీల్, కాంటూర్ వంటివి, తమ మీటరు అంకెల్ని చక్కగా తెస్తాయి. మీటరు మార్చిన రోజు పాత చరిత్ర ఒక యాప్‌లో, కొత్తది ఇంకోదానిలో ఉండిపోతుంది. ఆ అవస్థ తప్పాలంటే టైడ్‌పూల్ చూడండి. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతున్న ఉచిత సేవ ఇది. ఎన్నో కంపెనీల మీటర్లు, ఇన్సులిన్ పంపులు, చర్మానికి అంటించుకుంటే తానే షుగర్ చూస్తుండే సెన్సర్ల డేటాను కంప్యూటరు ద్వారా ఒకచోటికి తెస్తుంది, ఎక్సెల్ ఫైలుగా తిరిగి ఇస్తుంది. రోజువారీ రాతకు ఇది అనువు కాదు, పోగు చేయడానికి మాత్రం చాలా బాగుంటుంది.

ఫోన్‌లోని ఆరోగ్య ఖాతా, అంటే యాపిల్ హెల్త్, హెల్త్ కనెక్ట్ లాంటివి, యాప్‌ల మధ్య అంకెల్ని మోసుకెళ్తాయి. రెండు చిక్కులు. అంకె, సమయం వెళ్తాయి గానీ ట్యాగులు చాలాసార్లు దారిలోనే రాలిపోతాయి. పైగా ఒకే రీడింగ్ బ్లూటూత్ ద్వారా ఒకసారి, ఆరోగ్య ఖాతా ద్వారా ఇంకోసారి చేరి రెండుసార్లు లెక్కకు వస్తుంది. ఏదో ఒక దారి మాత్రమే తెరిచి ఉంచండి.

యాప్ ఏదైనా మీటరు గడియారం సరిగా ఉండాలి. బ్యాటరీ మార్చాక చాలా మీటర్లు తేదీ, సమయం మళ్ళీ అడుగుతాయి. చూడకుండా సరే నొక్కితే రీడింగ్‌లు ఏ పాత సంవత్సరంలోకో వెళ్ళి కూర్చుంటాయి. యాప్‌లో "ఈరోజు రీడింగ్ రాలేదే" అనుకుంటాం, అది చరిత్రలో అట్టడుగున ఉంటుంది. ఉదయం, సాయంత్రం తారుమారైతే ఇంకా ఘోరం. పరగడుపు అంకెలన్నీ రాత్రి ఖాతాలో పడతాయి. ఒకే మీటరును ఇంట్లో ఇద్దరు వాడుతుంటే బ్లూటూత్ కలపడం ఆపేసి చేత్తో రాసుకోవడమే మేలు. స్ట్రిప్పుల తనిఖీకి వాడే కంట్రోల్ ద్రావణం అంకె కూడా కొన్ని మీటర్లలో మామూలు రీడింగ్‌లా నమోదైపోతుంది. దాన్ని గుర్తుపట్టి తీసేయాలి.

స్ప్రెడ్‌షీటు: ఒక రీడింగ్‌కి ఒక వరుస

షీటు మొదలుపెట్టేవాళ్ళు చాలామంది రోజుకొక వరుస పెట్టి, అడ్డంగా "పరగడుపు, టిఫిన్ తర్వాత, భోజనం ముందు, తర్వాత" అని కాలమ్‌లు వేస్తారు. కంటికి ఇంపుగానే ఉంటుంది, డాక్టరుకీ చదవడానికి తేలిక. కానీ అర్ధరాత్రి చెమటలు పట్టి చూసుకున్న రీడింగ్ ఎక్కడ రాయాలి? ఒకే పూట రెండుసార్లు చూస్తే? గడిలో "210/165" అని రాస్తారు, అది ఇక అంకె కాదు, మాట. సగటు దాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.

అందుకే ఒక రీడింగ్‌కి ఒక వరుస. కాలమ్‌లు ఏడు చాలు: తేదీ, సమయం, రీడింగ్, సందర్భం, కార్బ్ గ్రాములు, మందు లేదా ఇన్సులిన్, గమనిక. రోజుకొక వరుసగా చూడాలనుకున్నప్పుడు పివట్ టేబుల్ వేసి తేదీని వరుసల్లో, సందర్భాన్ని కాలమ్‌లలో, రీడింగ్‌ని విలువల్లో సగటుగా పెడితే ఆ పట్టిక దానంతట అదే వస్తుంది. ఈ దిశలో మార్చడం అరనిమిషం పని, అడ్డం పట్టికను నిలువుగా మార్చడం పెద్ద శ్రమ.

రీడింగ్ కాలమ్‌కి డేటా వాలిడేషన్ పెట్టండి: పూర్ణసంఖ్య, 20 నుంచి 600 మధ్య. అప్పుడు 112కి బదులు 1112 పడితే షీటు తీసుకోదు. సందర్భం కాలమ్‌కి డ్రాప్‌డౌన్ తప్పనిసరి. చేత్తో రాస్తే "పరగడుపు", "పరగడుపున", "పరగడుపు " అని చివర ఖాళీ ఉన్నదీ మూడు వేర్వేరు మాటలవుతాయి, లెక్క మూడు ముక్కలవుతుంది. చూడని పూటకు సున్నా వేయకండి, ఆ వరుసే రాయకండి. సున్నా సగటులోకి వచ్చి మొత్తాన్ని కిందికి లాగుతుంది. మీటరు అంకెకు బదులు హై అనో లో అనో చూపిస్తే ముందు చేయాల్సింది వైద్యం. ఆ తర్వాత రాసేటప్పుడు మీటరు హద్దు అంకెను, అంటే ఎక్కువ మీటర్లలో 600 లేదా 20ని, వేసి గమనికలో ఆ మాట రాయండి.

రంగులు కండిషనల్ ఫార్మాటింగ్‌తో వస్తాయి. నియమాల వరుస ముఖ్యం. 54 కంటే తక్కువ అన్నది పైన ఉండాలి, దాని కింద 70 కంటే తక్కువ, ఆ తర్వాత 250 మించినవి, చివర 180 మించినవి. వరుస తలకిందులైతే 45 కూడా 65 రంగులోనే కనిపిస్తుంది. ఎక్సెల్‌లో ఖాళీ సెల్ విలువ సున్నాగా లెక్కకు వస్తుంది కాబట్టి "54 కంటే తక్కువ" అని పెడితే కింది ఖాళీ సెల్‌లన్నీ ఎర్రబారతాయి. "1 నుంచి 53 మధ్య", దాని కింద "54 నుంచి 69 మధ్య" అని రాస్తే ఆ గోల ఉండదు.

సారాంశం వేరే ట్యాబులో ఉంచాలి. షరతులకు సరిపోయేవాటి సగటు మాత్రమే తీసే ఎవరేజ్‌ఇఫ్స్ (AVERAGEIFS) ఫంక్షన్‌కి రెండు షరతులు ఇవ్వండి. సందర్భం ఫలానాది, తేదీ గత 14 రోజుల్లోది. టుడే ఫంక్షన్ నుంచి 13 తీసేస్తే ఈరోజుతో కలిపి 14 రోజులు వస్తాయి. 14 తీసేస్తే 15 రోజులవుతాయి, ఇక్కడ చాలామంది ఒక రోజు తేడా చేస్తారు. ఆ సందర్భంలో రీడింగే లేకపోతే భాగహారం దోషం కనిపిస్తుంది, ఇఫ్‌ఎర్రర్‌తో చుట్టి "రీడింగ్ లేదు" అని రాయించండి. ప్రతి సగటు పక్కన కౌంట్‌ఇఫ్స్‌తో ఎన్ని రీడింగ్‌ల సగటో కూడా చూపించాలి. ఇది షీటు మొత్తంలో అత్యంత విలువైన కాలమ్. రెండు రీడింగ్‌ల సగటుని చూసి భోజనం మార్చేయడం, పదిహేను రీడింగ్‌ల సగటుని చూసి మార్చడం ఒకటి కావు. 70 కంటే తక్కువ ఎన్ని, 54 కంటే తక్కువ ఎన్ని అన్నవి శాతంలో కాకుండా లెక్కగానే రాయాలి. నెలలో ఒక్కసారి 48 వచ్చినా డాక్టరు దాన్ని చూసి తీరాలి, శాతంలో పెడితే అది కనబడకుండా పోతుంది.

అర్ధరాత్రి దాటిన రీడింగ్‌లకు ఇంకో కాలమ్ కావాలి. పదకొండు గంటలకు భోజనం, పన్నెండూ నలభైకి ఇన్సులిన్ తర్వాత పరీక్ష అనుకుంటే, క్యాలెండరు ప్రకారం అది మర్నాటి ఖాతా. పివట్‌లో రాత్రి భోజనం ఒక వరుసలో, దాని తర్వాతి రీడింగ్ ఇంకో వరుసలో పడతాయి. "ఏ రోజు లెక్క" అనే కాలమ్ పెట్టి, తేదీ, సమయం కలిపిన మొత్తం నుంచి నాలుగు గంటలు, అంటే 24లో 4 వంతులు, తీసేసి ఇంట్ ఫంక్షన్‌తో పూర్ణసంఖ్య చేస్తే తెల్లవారు నాలుగు దాకా ముందురోజు కిందే ఉంటుంది.

తేదీల తలకిందులు

యాప్ నుంచి సీఎస్‌వీ ఫైలు (గడుల మధ్య కామాలు పెట్టిన సాదా పట్టిక) తెచ్చి షీటులో తెరిచినప్పుడు జరిగే అతి పెద్ద నష్టం ఇది. ఫైలులో 04/03 అంటే మార్చి 4. మీ షీటు నెల ముందు చదివే అమరికలో ఉంటే దాన్ని ఏప్రిల్ 3 అనుకుంటుంది. 13 నుంచి పై తేదీలకు పదమూడో నెల ఉండదు కాబట్టి అవి మాటలుగా మిగిలి సెల్‌లో ఎడమవైపు అంటుకుంటాయి. పన్నెండు లోపువి మాత్రం నోరెత్తకుండా తప్పు నెలలోకి పోతాయి. గ్రాఫ్ చూస్తే నెల మొదట్లో ఏమీ లేదు, ఏడాది పొడవునా అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. తేదీ కాలమ్‌లో కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఉన్నాయంటే ఇదే జరిగిందని గుర్తు. చేత్తో దిద్దకండి. షీటు పారేసి, గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో లొకేల్ మార్చి మళ్ళీ తెరవండి. ఎక్సెల్‌లో అయితే ఫైలుని నేరుగా రెండుసార్లు నొక్కి తెరవకుండా డేటా మెనూ నుంచి టెక్స్ట్ ఫైలుగా దిగుమతి చేసి, తేదీ కాలమ్‌కి రోజు, నెల, సంవత్సరం క్రమం చెప్పండి.

ఫోన్‌లో చిన్న తెర మీద షీటులో రాయడం ఇబ్బంది. ఏదో ఒక సెల్‌లో వేలు పడి పాత అంకె చెరిగిపోతుంది, తెలియను కూడా తెలియదు. దీనికి గూగుల్ ఫారం మంచి ఉపాయం. రీడింగ్, సందర్భం తప్పనిసరి ప్రశ్నలుగా, మిగతావి ఐచ్ఛికంగా పెట్టి, ఫారం లింకుని ఫోన్ మొదటి తెర మీద ఉంచుకోండి. ప్రతి నమోదూ షీటులో కొత్త వరుసగా చేరుతుంది, పాతవి చెరగవు. నమోదు సమయం దానంతట అదే పడుతుంది, కానీ అది పంపిన సమయం, వేలు గుచ్చిన సమయం కాదు. ఆలస్యంగా రాసేవాళ్ళు సమయం ప్రశ్న విడిగా పెట్టుకోవాలి. ట్యాగు తప్పనిసరి చేయడంలో ఈ ఫారం చాలా యాప్‌ల కంటే మెరుగు.

స్ట్రిప్పులు తక్కువైతే ఏం చూడాలి

రోజూ పొద్దున్నే ఒక స్ట్రిప్ ఖర్చుచేయడం కంటే జంటగా వాడటం ఎక్కువ చెబుతుంది. ఒక పూట ఎంచుకుని తినే ముందు ఒకటి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకటి. మూడు నాలుగు రోజులు అదే పూట, తర్వాత ఇంకో పూట. షీటులో "పెరుగుదల" కాలమ్ పెట్టి రెండోదాని నుంచి మొదటిది తీసేయండి. ఏ పూట తిండి ఎంత పెంచుతోందో అప్పుడు కళ్ళకు కడుతుంది. పరగడుపుదే 170తో మొదలై రెండు గంటలకు 195 వచ్చిందంటే సమస్య ఆ తిండిది కాదు, రాత్రిది. ముందు 105 ఉండి తర్వాత 195 అయితే ఆ పళ్ళేన్నే చూడాలి. చివరి అంకె ఒకటే, చేయాల్సిన పని వేరు.

ఒక్క జంటతో తేల్చేయకండి. మీటర్లకు 2013 నాటి ఐఎస్‌ఓ 15197 ప్రమాణం అడిగేది ఇంతే: వంద రీడింగ్‌లలో 95 ల్యాబ్ విలువకు దగ్గరగా ఉండాలి, 100 లోపు విలువలకు 15 అంకెల తేడా వరకు, ఆపైన 15 శాతం వరకు ఫర్వాలేదు. అంటే అసలు విలువ 150 అయితే 128 వచ్చినా 172 వచ్చినా మీటరు తన హద్దులోనే ఉంది. ఇరవై అంకెల పెరుగుదల ఒక్కసారి కనిపిస్తే అది తిండి కావచ్చు, మీటరు కావచ్చు. అదే పళ్ళెం మీద నాలుగైదు జంటలు ఒకే తీరుగా వస్తే అప్పుడు నమ్మాలి. వేళ్ళకు తీపి అంటుకుని ఉంటే అంకె ఎంతైనా ఎగరవచ్చు. నమ్మశక్యం కాని రీడింగ్ వస్తే చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని మళ్ళీ చూడండి. మొదటిదాన్ని చెరపకుండా గమనికలో "కడగకముందు" అని రాసి, సందర్భం డ్రాప్‌డౌన్‌లో "లెక్కకు రానిది" అనే మాట ఒకటి ఉంచుకుంటే సగటు పాడవదు.

సెన్సర్ వాడేవాళ్ళకు

సెన్సర్ ఉన్నవాళ్ళు చేత్తో అంకెలు రాయనక్కర్లేదు. వాళ్ళు చూడాల్సింది 14 రోజుల నివేదిక. 2019లో నిపుణులు ఒప్పుకున్న హద్దుల ప్రకారం ఎక్కువమంది పెద్దలకు 70 నుంచి 180 మధ్య సమయం 70 శాతం మించాలి, 70 కంటే తక్కువ 4 శాతం లోపు, 54 కంటే తక్కువ 1 శాతం లోపు ఉండాలి. ఒడిదుడుకుల కొలత (నివేదికలో సీవీ) 36 శాతం మించకూడదు. వృద్ధులకు, లో షుగర్ ముప్పు ఎక్కువున్నవారికి ఈ హద్దులు సడలుతాయి. నివేదికలో ముందు చూడాల్సిన అంకె ఇవేవీ కాదు, డేటా ఎంత శాతం ఉందన్నది. 70 శాతం కంటే తక్కువ ఉంటే మిగతా అంకెల మీద ఆధారపడకూడదు.

లిబ్రే సెన్సర్ల లిబ్రేవ్యూ, డెక్స్‌కామ్ సెన్సర్ల క్లారిటీ రెండూ ఈ నివేదికను చక్కగా ఇస్తాయి. రోజంతటి మధ్యరేఖ, దాని చుట్టూ నీడల పట్టీతో ఉండే చిత్రం కోసం షీటులో కుస్తీ పట్టనక్కర్లేదు. స్కాన్ చేయాల్సిన లిబ్రే సెన్సర్ ఎనిమిది గంటల డేటానే దాచుకుంటుంది. పదిగంటల సేపు స్కాన్ చేయకపోతే రెండు గంటలు శాశ్వతంగా పోయినట్టే. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి తప్పనిసరి.

షీటులోకి తెచ్చుకోవాలనుకునేవాళ్ళు రెండుచోట్ల జాగ్రత్తపడాలి. లిబ్రే ఫైలులో పదిహేను నిమిషాలకొకసారి తానుగా రాసుకున్న విలువలు ఒక కాలమ్‌లో, మీరు స్కాన్ చేసినప్పటివి ఇంకో కాలమ్‌లో ఉంటాయి. రెండూ కలిపి సగటు తీయకండి. అనుమానం వచ్చినప్పుడే ఎక్కువగా స్కాన్ చేస్తాం కాబట్టి ఆ కాలమ్ ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. డెక్స్‌కామ్ ఫైలులో 40 కంటే తక్కువైనా 400 మించినా అంకె బదులు లో, హై అనే మాటలు వస్తాయి. సగటు ఫంక్షన్ మాటల్ని వదిలేస్తుంది. అంటే అందరికంటే ముందు లెక్కకు రావాల్సిన ప్రమాదకరమైన క్షణాలే లెక్క నుంచి జారిపోతాయి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో "లో" అన్న మాటను 39గా, "హై" అన్నదాన్ని 401గా మార్చాకే ఏ సూత్రమైనా వేయాలి. అయిదు నిమిషాలకొకటి చొప్పున రోజుకు 288, మూడు నెలలకు దాదాపు 26 వేల వరుసలు. ఫోన్‌లో అది కదలదు, కంప్యూటరులోనే తెరవండి.

సెన్సర్ నివేదికల్లో హెచ్‌బిఎ1సికి బదులు జీఎమ్‌ఐ అనే కొలత కనిపిస్తుంది. దాని లెక్క వేరు: సగటుని 0.02392తో గుణించి 3.31 కలుపుతారు. సగటు 180కి పాత సూత్రం 7.9 చెబితే ఇది 7.6 చెబుతుంది. రెండు యాప్‌లు రెండు అంకెలు చూపిస్తున్నాయని కంగారుపడేవాళ్ళకు కారణం ఇదే.

రాత్రి ఆ చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే సెన్సర్ దొంగ లో చూపించవచ్చు. మర్నాడు చార్టులో నిట్టనిలువుగా పడి, అటు తిరగగానే నిట్టనిలువుగా లేచిన గుంత కనిపిస్తే అదే అయి ఉండవచ్చు. అలారం మోగిన క్షణంలో మాత్రం ఊహించకుండా వేలు గుచ్చి చూడాలి.

నైట్‌స్కౌట్, ఎక్స్‌డ్రిప్ ప్లస్ గురించి. పిల్లల రీడింగ్‌ని దూరం నుంచి చూడాలనుకున్న తల్లిదండ్రులు, ప్రోగ్రామర్లు కలిసి చేసుకున్నవి ఇవి. శక్తిమంతమైనవి. కానీ నైట్‌స్కౌట్‌కి సొంత సర్వరు కావాలి, దాన్ని నిలబెట్టుకునే ఓపిక కావాలి. 2022 నవంబరులో సర్వర్లు నడిపే హెరోకు సంస్థ తన ఉచిత సేవ ఆపేసినప్పుడు ఎన్నో సైట్లు వేరేచోటికి మారాల్సి వచ్చింది. మరో మాట: మొదట్లో ఉండే అమరికలో లింకు తెలిసిన ఎవరైనా మీ అంకెలు చూడవచ్చు. అనుమతుల అమరికను మార్చాకే వాడండి.

డోసు లెక్కలు

ఇన్సులిన్ ఎంత వేయాలో చెప్పే యాప్‌లను పరీక్షించిన 2015 నాటి అధ్యయనంలో 46 యాప్‌లకు 31 తప్పుడు డోసు చెప్పే ప్రమాదంతో ఉన్నట్టు తేలింది. యాప్‌లుగా బయటికి వచ్చినవాటి సంగతే అది. ఇంట్లో చేసుకున్న షీటులో అయితే ఇంతకుముందు వేసిన ఇన్సులిన్ ఇంకా ఎంత పనిచేస్తోందో లెక్క ఉండదు. రెండు గంటల క్రితం వేసినదాని మీద మళ్ళీ పూర్తి డోసు చెబుతుంది. ఒక సూత్రం ఉన్న సెల్‌లో పొరపాటున అంకె పడితే అప్పటి నుంచి ప్రతి జవాబూ తప్పే, చూడటానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. డోసు లెక్క యాప్ కావాలంటే వైద్య పరికరంగా అనుమతి పొందినదాన్నే తీసుకుని, కార్బ్ నిష్పత్తి (ఒక యూనిట్ ఎన్ని గ్రాముల కార్బ్‌కి సరిపోతుంది), దిద్దుబాటు నిష్పత్తి (ఒక యూనిట్ షుగర్‌ని ఎంత దించుతుంది), ఇన్సులిన్ పనిచేసే వ్యవధి మూడూ డాక్టరు చెప్పినవే పెట్టాలి. యూనిట్ల అమరికను ఇద్దరు చూడాలి. మిల్లీమోల్, మిల్లీగ్రాముల తేడా 18 రెట్లు.

వేలు కెమెరా మీద పెడితే షుగర్ చెబుతామనే యాప్‌ల జోలికి వెళ్ళకండి. చర్మాన్ని గుచ్చకుండా తానే స్వయంగా షుగర్ కొలుస్తుందని చెప్పుకునే వాచీ గానీ ఉంగరం గానీ ఏదీ తన అనుమతి పొందలేదని అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. సెన్సర్ అంకెను వాచీ మీద చూపించడం వేరు, వాచీయే కొలవడం వేరు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు

మూడు నెలల సీఎస్‌వీ ఎవరూ చదవరు. ఒకే పేజీ ఇవ్వండి. పివట్ పట్టికలో గత 14 రోజులు, పైన సందర్భాల వారీ సగటులు, వాటి పక్కన ఎన్ని రీడింగ్‌లో, 70 కంటే తక్కువ వచ్చిన ప్రతిదానికీ తేదీ, సమయం, ఆ ముందు ఏం జరిగిందో ఒక వాక్యం. మామూలుగా తక్కువసార్లు చూసుకునేవాళ్ళు అపాయింట్‌మెంట్‌కి ముందు మూడు రోజుల పాటు రోజుకు ఏడుసార్లు, అంటే ప్రతి భోజనానికీ ముందూ తర్వాతా, పడుకునే ముందు ఒకటి చూసి రాస్తే ఆ పేజీ మరింత పనికొస్తుంది.

ఫోన్ మార్చేముందు యాప్‌లో ఖాతా ఉందా, డేటా ఫోన్‌లోనే ఉందా చూసుకోండి. కొన్ని యాప్‌లలో ఖాతా తెరవకుండానే వాడవచ్చు, అలాంటప్పుడు యాప్ తీసేసిన క్షణమే చరిత్ర పోతుంది. నెలకొకసారి సీఎస్‌వీ తీసి, ఫైలు పేరులో సంవత్సరం, నెల వేసి వేరేచోట దాచండి. షీటు లింకు ఇంట్లోవాళ్ళకు ఇచ్చేటప్పుడు "లింకు ఉన్న ఎవరైనా" అన్నది ఎంచుకోకుండా వాళ్ళ మెయిల్ చిరునామాతో, చూడటానికి మాత్రమే అనుమతితో ఇవ్వండి. ఫారం లింకు వేరుగా ఇస్తే వాళ్ళు రీడింగ్ నమోదు చేయగలరు, పాత అంకెల్ని కదపలేరు.